గానుగ సున్నం గిలాబు: నల్గొండ దగ్గరి పాత విచారణ గుడికి చేసిన పని ఎట్లుంది?

నల్గొండ మేత్రాసనం (బిషప్పు కింద ఉండే కతోలిక క్రైస్తవ ప్రాంతం) 1976లో ఏర్పడింది కానీ, దాని కింద ఉన్న కొన్ని విచారణ గుడులు, అంటే ఒక్కో ఫాదర్ చూసుకునే చర్చిలు, అంతకంటే పాతవి. ఆ గోడలు రాయి, సున్నంతో కట్టినవి. తర్వాత ఎవరో సిమెంటు గిలాబు కొట్టిస్తారు, కథ అక్కడే చెడుతుంది. నేలలోంచి ఎక్కిన చెమ్మ సిమెంటు దాటి బయటికి రాలేదు. లోపలే ఆగి, తెల్లటి ఉప్పు పొరై, పెచ్చులుగా ఊడుతుంది.

ఈ మేస్త్రీల బృందం సిమెంటును మిషన్‌తో కాక ఉలితో, నిదానంగా తీసింది. అదే సరైన పద్ధతి, మిషన్ అదురుకు రాళ్ల మధ్య పాత దర్జులు (అతుకులు) కదులుతాయి. తడిపి మూడు వారాలు మాగబెట్టిన సున్నం ఒక పాలు, జల్లెడ పట్టిన ఇసుక మూడు పాళ్లు. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కొలిచే కలిపారు. బెల్లం ఎక్కువైతే చీమలు పడతాయి, గిలాబు ఆరదు. ఒక్కో పూత 10-12 మిల్లీమీటర్లు, మందంగా ఒకేసారి కొడితే పగుళ్లే.

తడి గోనెపట్టాలు కప్పడంలో మాత్రం అశ్రద్ధ. పడమటి గోడ ఎండకు త్వరగా ఆరి, సన్న చీలికలు వచ్చాయి. శంకుస్థాపన రాయి మీద ఎనామిల్ పెయింటు పూశారు, అక్షరాలు సగం పూడిపోయాయి. గుడి చరిత్రకు ఆ రాయీ, జ్ఞానస్నానాల రిజిస్టరే ఆధారం మరి! మీ గుడికి చేయిస్తే, పని మొదలయ్యే ముందే అలాంటి రాయిని ప్లాస్టిక్ కవరుతో కప్పించండి.

పైపూతకు ఎమల్షన్ పెయింటు ఒప్పుకోవద్దు, పల్చటి వెల్ల మూడుసార్లు చాలు. ఈ పనికి నా మార్కులు అయిదుకు మూడున్నర.