పసిపిల్లకి మొదటి గుడ్డు: పచ్చసొన ఒక్కటేనా, మొత్తం గుడ్డా?

మా చిన్నదానికి అన్నప్రాశన అయిన దగ్గర్నుంచి అందరూ ఇదే అడుగుతున్నారు: గుడ్డులో పచ్చసొన ఒక్కటే పెడుతున్నావా, తెల్లసొన కూడానా?

పెద్దవాడికి మా అత్తయ్య చెప్పినట్టు ఏడాది నిండేదాకా పచ్చసొనే పెట్టాను. ఒకప్పుడు డాక్టర్లదీ అలాంటి మాటే. అలర్జీ వచ్చే అవకాశం ఉన్న పిల్లలకి రెండేళ్ల దాకా గుడ్డే వద్దని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2000లో చెప్పింది. ఆలస్యం చేస్తే లాభమని రుజువు లేదంటూ 2008లో తనే మార్చుకుంది.

పచ్చసొన మెత్తగా ఉంటుంది, అలర్జీ కలిగించే ప్రోటీన్లు ఎక్కువగా ఉండేది తెల్లసొనలోనే. నిజమే. కానీ ఎంత జాగ్రత్తగా తీసినా పచ్చసొనకి కాస్త తెల్లసొన అంటుకునే వస్తుంది. పైగా నా మనసు మార్చింది 2016లో వచ్చిన జపాన్ అధ్యయనం. ఎగ్జిమా (చర్మం పొడిబారి దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లలకి చర్మానికి మందులు వాడుతూనే, ఆరో నెల నుంచి రోజూ కొద్ది కొద్దిగా వేడి చేసిన గుడ్డు పొడి పెట్టారు. ఏడాది వయసు నిండేసరికి వాళ్లలో గుడ్డు అలర్జీ 8 శాతం మందికి ఉంటే, పెట్టని వాళ్లలో 38 శాతం. తెలంగాణ అంగన్‌వాడీల్లో కూడా ఏడో నెల నుంచే బాలామృతంతో పాటు గుడ్లు ఇస్తున్నారు కదా!

అందుకే చిన్నదానికి మొత్తం గుడ్డే మొదలుపెట్టాను. నా లెక్కలో అసలు సంగతి ఏ సొన అన్నది కాదు, ఎంత ఉడికింది అన్నది. నీళ్లు మరగడం మొదలయ్యాక పన్నెండు నిమిషాలు ఉంచుతాను. రెండు సొనలూ కలిపి మెత్తగా మెదిపి, పొడిపొడిగా గొంతుకి అడ్డం పడకుండా నా పాలతో పల్చన చేస్తాను. మొదటి రోజు పావు చెంచా, అదీ పొద్దున్నే, ఇంకే కొత్త పదార్థం లేకుండా. రెండు గంటలు కళ్ల ముందే ఉంచుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రెండు గంటలూ టెన్షనే! దద్దుర్లు వచ్చినా, వాంతులు అయినా గుడ్డు ఆపేసి డాక్టర్‌కి చూపించాలి. పెదాలు, ముఖం వాచినా, ఊపిరి కష్టమైనా, పిల్ల వేలాడిపోయినా వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఎగ్జిమా ఎక్కువగా ఉన్నా, ముందే ఏదైనా తిండి పడకపోయినా మొదటి చెంచాకి ముందే డాక్టర్‌ని అడగండి.

హాఫ్ బాయిల్ వద్దే వద్దు, సాల్మొనెల్లా అనే బాక్టీరియా భయం ఉంది. ఆమ్లెట్ అయితే ఉప్పూ కారం లేకుండా, బాగా కాలాలి. నాటుకోడి గుడ్డుకీ ఫారం గుడ్డుకీ అలర్జీ విషయంలో తేడా లేదు, తేడా ధరలోనే. కోడిగుడ్డు పడని పిల్లలకి కౌజుపిట్ట గుడ్డు కూడా పడకపోవచ్చు.

పడిందని తెలిశాక ఆపకండి. వారానికి రెండు మూడుసార్లు పెడుతూ ఉండాలి. చిన్నది ఇప్పుడు సగం గుడ్డు లాగిస్తోంది. నాలుగేళ్ల పెద్దవాడు మాత్రం తెల్లసొన కనబడితే కంచం అవతలికి నెట్టేస్తాడు.