దీర్ఘకాల ఒప్పందమా, ఏడాది ట్యాగా, బహిరంగ మార్కెట్టా: ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడికి ఏది మేలు?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 2020 అక్టోబరు 11న న్యూయార్క్ జెయింట్స్‌తో జరిగిన ఆటలో డాలస్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడిని నడిపే ఆటగాడు) డాక్ ప్రెస్కాట్ కుడి చీలమండ విరిగింది. చిన్న బండి మీద, కళ్ళనీళ్ళతో మైదానం దాటుతున్న ఆ మనిషి చేతిలో అప్పటికి ఉన్నది ఒక్క ఏడాది ఒప్పందమే. ఆ వేసవిలో జట్టు ఐదేళ్ళకు కట్టుబడమంటే తాను నాలుగేళ్ళకు మించి ఒప్పుకోనన్నాడు. బేరం తెగక, జట్టు ఒక ఆటగాడిని ఏడాది పాటు తన దగ్గరే కట్టిపెట్టుకునే ‘ఫ్రాంచైజ్ ట్యాగ్’ కింద 3.14 కోట్ల డాలర్లకు ఆ ఏడాది ఆడుతున్నాడు. నోటి దగ్గరి కూడు కాలదన్నుకున్నాడని ఆ సాయంత్రం అనుకోనివారు తక్కువ. ఐదు నెలలు తిరక్కుండానే అదే జట్టు అతనికి అతను కోరిన నాలుగేళ్ళకే 16 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందులో 12.6 కోట్లకు గ్యారెంటీ ఉంది.

ప్రెస్కాట్‌కు అచ్చివచ్చిన దారి అందరికీ అచ్చివస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న. ఒప్పందం ముగియబోతున్న ఆటగాడి ముందు మూడు దారులు ఉంటాయి. గడువుకు ముందే సొంత జట్టుతో దీర్ఘకాల పొడిగింపు మీద సంతకం చేయడం మొదటిది, ట్యాగ్ కింద ఏడాది ఆడి మళ్ళీ బేరానికి కూర్చోవడం రెండవది, బహిరంగ మార్కెట్‌లోకి వెళ్ళడం మూడవది. రెండవ దారి మాత్రం ఆటగాడు ఎంచుకునేది కాదు, జట్టు అతని మీద పెట్టేది. దానికి లొంగాలా, ఎదురు తిరగాలా అన్నంతవరకే అతనికి స్వేచ్ఛ.

ఈ స్వేచ్ఛకు పట్టుమని నలభై ఏళ్ళు కూడా లేవు. 1989లో వచ్చిన ‘ప్లాన్ బి’ పద్ధతిలో ప్రతి జట్టూ 37 మందిని తనకోసం అట్టిపెట్టుకుని మిగిలినవారిని వదిలేది. అంటే పనికొచ్చేవాళ్ళకు స్వేచ్ఛ లేదు, స్వేచ్ఛ దొరికినవాళ్ళను కావాలనేవారు తక్కువ. 1992లో ఫ్రీమన్ మెక్‌నీల్ తదితరులు వేసిన దావాలో జ్యూరీ ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేల్చింది. మరుసటి ఏడాది యజమానులు, ఆటగాళ్ళ సంఘం రాజీపడి, ఒప్పందం ముగిసిన ఆటగాడు నచ్చిన జట్టుకు వెళ్ళగల ఫ్రీ ఏజెన్సీని తెచ్చారు. ఆ ఏడాదే రెజీ వైట్ ఫిలడెల్ఫియా వదిలి నాలుగేళ్ళకు 1.7 కోట్ల డాలర్లకు గ్రీన్ బే చేరాడు. దానికి బదులుగా యజమానులు పుచ్చుకున్నది శాలరీ క్యాప్, అంటే ఒక జట్టు ఆటగాళ్ళ మీద ఏటా లెక్కలో చూపగల ఖర్చుకు గట్టి పరిమితి. 1994లో 3.46 కోట్ల డాలర్లుగా మొదలైన ఆ పరిమితి 2025 నాటికి 27.92 కోట్లకు చేరింది. నాలుగు సీజన్లు పూర్తిచేసి ఒప్పందం ముగిసినవాడు మార్చిలో ఏ జట్టుకైనా వెళ్ళవచ్చు. మూడే పూర్తిచేసినవాడి విషయంలో, బయటి జట్టు ఇవ్వజూపినంతా తామూ ఇచ్చి అతన్ని నిలుపుకునే హక్కు పాత జట్టుకు ఉంటుంది.

ఏది మేలో తూచే ముందు ఇక్కడ ‘ఒప్పందం’ అన్న మాటకు అర్థం తెలియాలి. బేస్‌బాల్‌లోనూ బాస్కెట్‌బాల్‌లోనూ రాసుకున్న సొమ్ము మామూలుగా మొత్తం చేతికి వస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అలా కాదు. ఐదేళ్ళకు పది కోట్లని పత్రికలో వచ్చినా, గ్యారెంటీ అని విడిగా రాయని సొమ్ము జట్టు దయ మీద ఉన్నట్టే. మూడో ఏట ఆటగాడిని వదిలేస్తే ఆ మిగతా సొమ్ము కాగితం మీదే మిగిలిపోతుంది. అయితే ఒప్పందం మధ్యలో జట్టు అతన్ని వదిలించుకోగలదు కానీ, అతను జట్టును వదిలి పోలేడు. ఎన్నేళ్ళన్నది జట్టు చేతిలోని తాడు, ఎంత గ్యారెంటీ అన్నది ఆటగాడికి దక్కే జీతం. ఈ రెంటినీ కలిపి చూపించే పెద్ద అంకెను నేను పట్టించుకోవడం మానేశాను.

ప్రెస్కాట్ 2021 ఒప్పందాన్నే విప్పి చూద్దాం. సంతకం చేసిన వెంటనే అతనికి 6.6 కోట్ల డాలర్ల సైనింగ్ బోనస్ ముట్టింది, ఆ ఏటి జీతం మరో 90 లక్షలు. మొదటి ఏడాదే అతని ఇంటికి చేరినది 7.5 కోట్లు. కానీ బోనస్‌ను ఐదేళ్ళ వరకూ సమానంగా పంచి రాసుకునే వీలు నిబంధనల్లో ఉంది కాబట్టి, క్యాప్ లెక్కలో ఆ ఏడాదికి పడింది బోనస్‌లో ఐదో వంతు 1.32 కోట్లు, దానికి 90 లక్షలు కలిపి 2.22 కోట్లు. ఇచ్చింది 7.5, రాసింది 2.22. ఐపీఎల్ వేలం చూసినవారికి ఇది వింతగా తోస్తుంది. అక్కడ 2025 సీజనుకు ప్రతి జట్టు సంచిలో 120 కోట్ల రూపాయలు పెట్టారు, లక్నో రిషభ్ పంత్‌ను 27 కోట్లకు కొనగానే ఆ 27 కోట్లూ సంచిలోంచి తరిగిపోయాయి. ఇక్కడ అప్పు పుస్తకం ఉంటుంది. కౌబాయ్స్ కార్యాలయమూ సాధన మైదానమూ ఉన్న ఫ్రిస్కోలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి క్రికెట్ అభిమానికి ఈ ఆట పద్దుల్లో మొదట మింగుడుపడనిది ఈ పంపకమే అయివుంటుంది. అయితే ఆ అప్పు మాఫీ కాదు. ఆటగాడు వెళ్ళిపోయిన రోజున, ఇంకా రాయకుండా మిగిలిన బోనస్ వాటా జట్టు పద్దులో ‘డెడ్ మనీ’గా పడుతుంది. ఆటగాడికి పనికొచ్చే ఆయుధం ఇదేనని ముందుముందు తెలుస్తుంది.

మొదటి దారిలో అందరికంటే దూరం వెళ్ళినవాడు క్వార్టర్‌బ్యాక్ ప్యాట్రిక్ మహోమ్స్. 2020 జూలైలో కాన్సస్ సిటీతో పదేళ్ళకు 45 కోట్ల డాలర్ల పొడిగింపు మీద సంతకం చేశాడు. సగటున ఏడాదికి 4.5 కోట్లు, అప్పటికి అంత ఎవరికీ లేదు. 2023 సెప్టెంబరులో సిన్సినాటి జట్టు తన క్వార్టర్‌బ్యాక్ జో బరోకు ఏడాదికి 5.5 కోట్లు ఇచ్చేసరికి మహోమ్స్ ఒప్పందం చౌకబేరమైపోయింది. అదే నెలలో కాన్సస్ సిటీ తనంతట తానే ఒప్పందాన్ని తిరగరాసి, 2023 నుంచి 2026 వరకు నాలుగేళ్ళలో 21 కోట్లకు పైగా చేతికందేలా చేసింది. జట్టుకు అతనంటే గౌరవం ఉంది కాబట్టి చేసింది, చేసి తీరాలన్న షరతు ఏదీ లేదు. దీర్ఘకాల ఒప్పందంలోని లోటు ఇదే. ఏటా పెరిగే క్యాప్‌తో పాటు మార్కెట్ పెరుగుతుంటే, సంతకం చేసినవాడి ధర మాత్రం సంతకం చేసిన రోజునే ఆగిపోతుంది. దానికి ప్రతిఫలంగా దొరికేది నిశ్చింత. మోకాలు ఎప్పుడు విరుగుతుందో తెలియని ఆటలో దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

రెండవ దారి ట్యాగ్. జట్టు ఏటా ఒక్క ఆటగాడి మీద దీన్ని వాడవచ్చు. అదే స్థానంలో ఆడేవారిలో ఎక్కువ జీతమున్న ఐదుగురి సగటు నుంచి తేల్చిన మొత్తమో, అతని నిరుటి జీతం మీద 20 శాతం పెంపో, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి, అదీ పూర్తి గ్యారెంటీతో. మూడోసారి పెడితే పెంపు 44 శాతం. ఈ మెట్లను తనకు నిచ్చెనగా మార్చుకున్నవాడు క్వార్టర్‌బ్యాక్ కర్క్ కజిన్స్. వాషింగ్టన్ అతనికి 2016లో 1.995 కోట్లు, 2017లో 2.394 కోట్లు ట్యాగ్ కింద చెల్లించింది. మూడోసారి అయితే 3.4 కోట్లు దాటేది. అంత పెట్టలేక వదిలేసింది. 2018లో మిన్నెసోటా అతనికి మూడేళ్ళకు 8.4 కోట్లు, ప్రతి డాలరుకూ గ్యారెంటీతో ఇచ్చింది. ట్యాగ్ అనే సంకెలను ఇంత ఓపికగా సొమ్ముగా మార్చుకున్న మరో ఆటగాడు నాకు గుర్తురాడు.

అదే నిచ్చెన ఎక్కబోయి పడ్డవాడు పిట్స్‌బర్గ్ రన్నింగ్ బ్యాక్ లెవియన్ బెల్. 2017లో ట్యాగ్ కింద 1.21 కోట్లకు ఆడాడు. 2018లో 20 శాతం పెంపుతో 1.45 కోట్లు ఇస్తామంటే, గ్యారెంటీ ఉన్న దీర్ఘకాల ఒప్పందం కావాలని ఆ సీజనంతా ఒక్క ఆట ఆడకుండా ఇంట్లో కూర్చున్నాడు. 2019లో న్యూయార్క్ జెట్స్ నాలుగేళ్ళకు 5.25 కోట్లని రాసింది. 2020 అక్టోబరులో, ఒప్పందంలో సగం కూడా గడవకముందే, వదిలేసింది. వదులుకున్న 1.45 కోట్లు మళ్ళీ రాలేదు.

ఇద్దరి మధ్య తేడా తెలివిలో కాదు, ఆడే స్థానంలో ఉంది. క్వార్టర్‌బ్యాక్ ముప్ఫై దాటాక కూడా ఏళ్ళ తరబడి ఆడతాడు, అతనికి బదులు దొరకడం కష్టం. బంతి పట్టుకుని జనంలోకి దూసుకెళ్ళే రన్నింగ్ బ్యాక్ ఒళ్ళు ఇరవైల చివర్లోనే అరిగిపోతుంది. పైగా 2011 నుంచి కొత్తగా డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే పద్ధతి) వచ్చినవారి జీతాలకు పట్టిక వచ్చి పడింది. 2010లో మొదటి ఎంపిక శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 5 కోట్ల డాలర్ల గ్యారెంటీ దొరికితే, మరుసటి ఏడాది మొదటి ఎంపిక కామ్ న్యూటన్‌కు మొత్తం ఒప్పందమే 2.2 కోట్లు. ఇరవై రెండేళ్ళ కుర్రవాడు అంత చవకగా, నాలుగేళ్ళ పాటు దొరుకుతుంటే, ఇరవై ఏడేళ్ళవాడికి కోట్లు ఎవరు పోస్తారు? పాతవాళ్ళ వాటా పెంచడానికని సంఘం ఒప్పుకున్న పట్టిక ఈ స్థానంలో పాతవాళ్ళ మీదే తిరగబడింది.

మూడవ దారి గురించి చెప్పాలంటే సక్వాన్ బార్క్‌లీని చూడాలి. 2023లో జెయింట్స్ అతన్ని కోటి డాలర్ల పైచిలుకు ట్యాగ్‌తో కట్టేసింది. బెల్ కథ తెలిసినవాడు కాబట్టి, కొద్దిపాటి ప్రోత్సాహకాలు కలిపించుకుని ఆడాడు. 2024లో మార్కెట్‌లోకి వచ్చి ఫిలడెల్ఫియాతో మూడేళ్ళకు 3.775 కోట్లకు, 2.6 కోట్ల గ్యారెంటీతో సంతకం చేశాడు. ఆ సీజనులో 2,005 గజాలు పరుగెత్తి లీగ్ ఫైనల్ సూపర్ బౌల్ గెలిచాక, 2025 మార్చిలో రెండేళ్ళ పొడిగింపుతో ఏడాదికి 2 కోట్లు దాటిన తొలి రన్నింగ్ బ్యాక్ అయ్యాడు. మూడేళ్ళ ఒప్పందం కాబట్టే అంత త్వరగా మళ్ళీ బేరానికి రాగలిగాడు.

బహిరంగ మార్కెట్ అన్ని వేళలా బహిరంగంగా ఉండదన్న మాట కూడా చెప్పుకోవాలి. 2023లో బాల్టిమోర్ లామర్ జాక్సన్ మీద పెట్టిన ట్యాగ్, ఇతర జట్లు అతనితో మాట్లాడుకోవడానికి వీలున్న రకం. అంతకు ముందే ఎంవీపీ (లీగ్ అత్యుత్తమ ఆటగాడు) అయిన క్వార్టర్‌బ్యాక్‌ను, డ్రాఫ్ట్‌లో రెండు మొదటి రౌండు ఎంపికలు వదులుకుంటే చాలు తెచ్చుకోవచ్చు. అయినా ఒక్క జట్టూ ఒప్పంద పత్రం ముందుకు తేలేదు. చివరికి సొంత జట్టే ఐదేళ్ళకు 26 కోట్లు ఇచ్చింది.

నా లెక్కలో క్వార్టర్‌బ్యాక్‌కు దీర్ఘకాల ఒప్పందం కంటే మూడు, నాలుగేళ్ళ ఒప్పందం మేలు. అది దొరికే వరకు ట్యాగ్ కింద ఆడినా నష్టం లేదు. రన్నింగ్ బ్యాక్‌కు మాత్రం మొదట చేతికందిన గట్టి గ్యారెంటీయే మేలు, అది ఆశించినదానికంటే కొంత తక్కువైనా సరే. ట్యాగ్ పెడితే అతను ఆడి తీరాలి, ఇంట్లో కూర్చోవడం అతనికి కలిసొచ్చే బేరం కాదు.

ప్రెస్కాట్ 2021 ఒప్పందంలో సొమ్ముతో పాటు మరో రెండు షరతులు రాయించుకున్నాడు. మళ్ళీ ట్యాగ్ పెట్టకూడదు, తన అనుమతి లేకుండా మరో జట్టుకు మార్చకూడదు. మూడున్నరేళ్ళు గిర్రున తిరిగాయి. అతను వెళ్ళిపోతే దాదాపు 4 కోట్ల డెడ్ మనీ జట్టు నెత్తిన పడే పరిస్థితి వచ్చింది. 2024 సెప్టెంబరు 8న, సీజను మొదటి ఆటకు కొన్ని గంటల ముందు, కౌబాయ్స్ అతనితో నాలుగేళ్ళకు 24 కోట్ల పొడిగింపు కుదుర్చుకుంది. గ్యారెంటీ 23.1 కోట్లు, సగటు ఏడాదికి 6 కోట్లు, అప్పటికి లీగ్‌లో అదే ఎక్కువ. రెండు నెలలకే తొడ కండరం దెబ్బతిని మిగిలిన సీజనంతా ఆటకు దూరమయ్యాడు. నాలుగేళ్ళ క్రితం బండి మీద వెళ్ళినప్పుడు చేతిలో ఒక్క ఏడాది ఒప్పందమే ఉన్నవాడికి, ఈసారి ఆ 23.1 కోట్లలో ఒక్క డాలరు కూడా తగ్గలేదు.