రెండు డ్రమ్ముల గడ్డి మోవర్‌తో ఆరేళ్లు: కోత బాగుంది, బెల్టు మార్చడమే కష్టం

ఈ యంత్రం ఎలా ఉందని ఎవరు అడిగినా నేను ముందుగా చెప్పేది కోత సంగతి కాదు, పక్కన రేకు మూత కింద దాగి ఉన్న డ్రమ్ములను తిప్పే నాలుగు వి-బెల్టుల సంగతి. 2019లో కొన్నాను. ట్రాక్టర్ వెనక పీటీఓకు (ఇంజను శక్తితో పనిముట్లను తిప్పే ఇరుసుకు) తగిలించే మోవర్, కోత వెడల్పు 165 సెంటీమీటర్లు, డ్రమ్ముకు మూడు కత్తులు. మాది 45 హెచ్‌పీ ట్రాక్టర్. దేవరకొండ వైపు ఎర్ర చెలకలో గేదెల కోసం మేత జొన్న, కొంత గడ్డి వేస్తాం.

కోతకు వంక పెట్టలేను. నలుగురు కూలీలు రోజంతా కొడవళ్లతో కోసిన ఎకరం ముప్పావు గంటలో అయిపోతుంది. డ్రమ్ములు ఎదురెదురుగా తిరుగుతూ కోసిన మేతను మధ్యలో వరుసగా వదులుతాయి కాబట్టి ఎండబెట్టడమూ తేలికే. మా చెలకలో రాళ్లు తగిలి కత్తులు త్వరగా మొద్దుబారతాయి. అయితే కత్తి మార్చడం నిమిషాల పని.

బెల్టు అలా కాదు. మొదటి సెట్టు రెండేళ్లు వచ్చింది. మూడో ఏడు, జొన్న సరిగ్గా పూతకు వచ్చిన వారంలో, చేను మధ్య రబ్బరు కాలిన వాసన వచ్చింది. డ్రమ్ములు నెమ్మదించాయి. మేత జొన్నకు ఆ వారమే ప్రాణం. లేతగా ఉన్నప్పుడు కోసి వేస్తే పశువుకు నాము (లేత జొన్నలో ఉండే విషం) తగిలే ప్రమాదం. ఆలస్యమైతే కాడ గట్టిపడి గేదెలు సగం వదిలేస్తాయి. అందుకే బెల్టు ఎంత మన్నుతుందన్న దానికంటే, తెగిన రోజున ఎంత త్వరగా మార్చగలమన్నదే నాకు పెద్ద విషయం.

మూత బోల్టులు ఆరు. ఐదు సులువుగా వస్తాయి. ఆరోది చట్రం చేతికీ గేరు పెట్టెకూ మధ్య ఉంది. అక్కడ పానా ఒక్కసారికి పావు చుట్టు కూడా తిరగదు. లోపలి పుల్లీ దగ్గరకు చేయి మణికట్టు వరకే పోతుంది. పీటీఓ షాఫ్టు తీయకుండా బెల్టు లోపలికి దూరదు. మొదటిసారి నాకూ మా తమ్ముడికీ కలిపి ఏడు గంటలు పట్టింది.

తెగింది ఒక్కటే కదా అని ఆ రోజు ఒక్కటే వేశాను. అదీ స్క్రూడ్రైవరుతో ఎత్తి పుల్లీ మీదకు ఎక్కించాను. నెల తిరగకుండా కొత్తదే తెగింది. అప్పుడు కొండమల్లేపల్లిలో ఒక మెకానిక్ పాత మూడింటినీ కొత్తదాని పక్కన పెట్టి చూపించాడు. "అన్నా, ఇవి సాగిపోయాయి. బరువంతా కొత్తదాని మీదే పడింది" అన్నాడు. అంచు దగ్గర స్క్రూడ్రైవరు చేసిన గాటు కూడా కనిపించింది, పీచు అక్కడి నుంచే విడిపోయింది. తప్పు నాదే.

అప్పటి నుంచి నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే కొలతవి, ఒకేసారి వేస్తున్నాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌కు వెళ్లినప్పుడు రెండు సెట్లు తెచ్చుకుంటాను. పాత బెల్టు మీద కొలత అక్షరాలు చెరిగిపోతాయి, కొన్న రోజే వాటిని యంత్రం చట్రం మీద పెయింటుతో రాసుకోవడం మేలు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ట్రాక్టర్ ఆపి తాళం జేబులో వేసుకుంటాను. పీటీఓ ఆపినా డ్రమ్ములు కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి, అవి పూర్తిగా నిలిచేదాకా దగ్గరకు పోను. మోవర్ కింద చెక్క దుంగలు పెడతాను, హైడ్రాలిక్‌ను నమ్మి దాని కింద చేయి పెట్టను. బిగింపు బోల్టు పూర్తిగా వదులు చేస్తే బెల్టు చేత్తోనే ఎక్కుతుంది. పుల్లీ గాడుల్ని గుడ్డతో తుడిచి చూస్తాను. గాడి అడుగు తళతళ మెరుస్తుంటే పుల్లీ అరిగి బెల్టు అడుగును తాకుతోందన్నమాట, అప్పుడు కొత్త బెల్టు వేసినా జారుతుంది. రెండు పుల్లీలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో దారం లాగి చూస్తాను. పుల్లీల మధ్య 64 సెంటీమీటర్లు ఉంటే, నడిమిన బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు ఒక సెంటీమీటరు దిగాలి. కొత్త బెల్టు మొదటి కొన్ని గంటల్లోనే కొంచెం సాగుతుంది కాబట్టి తొలిరోజు సాయంత్రం మళ్లీ బిగించాల్సిందే. ఆ ఒక్క పని వదిలేసినందుకే మా పక్క రైతు సెట్టు మొత్తం పోగొట్టుకున్నాడు.

క్లచ్ వదిలే తీరు కూడా మార్చుకున్నాను. ఇంజను తక్కువ వేగంలో ఉండగా పీటీఓ కలిపి, డ్రమ్ములు తిరగడం మొదలయ్యాక పీటీఓను మెల్లగా నిమిషానికి 540 చుట్లకు తెస్తాను.

ఆ ఆరో బోల్టు కోసం మూత రేకుకు వెల్డింగ్ షాపులో చిన్న కిటికీ కోయించి, దానికి తలుపు పెట్టించాను. తయారు చేసినవారే ఆ పని చేసి ఉంటే ఈ యంత్రానికి ఐదుకు ఐదు ఇచ్చేవాణ్ని. ఇప్పుడు మూడున్నర. కొనబోయేవారు అమ్మేవారి ముందే మూత విప్పించి, లోపలి పుల్లీ చుట్టూ స్వయంగా చేయి పెట్టి చూడండి. ఒక్క బెల్టు తీసి మళ్లీ వేయమని అడగండి.

కిటికీ పెట్టించాక పోయిన వానాకాలంలో సెట్టు మార్చడానికి మాకు గంటా నలభై నిమిషాలు పట్టింది. ఆ మధ్యాహ్నమే మిగిలిన రెండెకరాలూ కోశాం.