విమానంలో రెండో సీటు: లావుగా ఉన్న ప్రయాణికుల నిబంధనలపై ఒక సమీక్ష

ఒకే సంస్థ విమానాల్లో, ఒకే రకం సీట్లలో, నాలుగు రోజుల తేడాతో వెళ్లి వచ్చాను. వెళ్లేటప్పుడు అడగగానే ఎయిర్‌హోస్టెస్ బెల్టు ఎక్స్‌టెండర్‌ను (సీటు బెల్టును పొడిగించే అదనపు పట్టీని) గుప్పిట్లో మడిచి తెచ్చి, పక్కవారి కంటపడకుండా నా చేతిలో పెట్టారు. సీట్ల మధ్య చేయి ఆనించుకునే ఆర్మ్‌రెస్ట్ పూర్తిగా దిగింది, బెల్టు పడింది, ఎవరికీ ఇబ్బంది కలగలేదు. తిరుగు ప్రయాణంలో మాత్రం బోర్డింగ్ గేటు దగ్గర ఉద్యోగి నన్ను వరుసలోంచి పక్కకు పిలిచి, రెండో టికెట్ కొంటే తప్ప ఎక్కనివ్వబోమని చెప్పారు. దేన్ని బట్టి చెబుతున్నారని అడిగితే, "చూస్తే తెలుస్తోంది కదా" అన్నారు. ఆ విమానంలో ఖాళీ లేనందున, తరువాతి దానిలో రెండు సీట్లకు డబ్బు కట్టి వచ్చాను.

ఈ సేవకు ఐదుకు రెండు మార్కులు ఇస్తున్నాను. ఆ రెండూ వెళ్లేటప్పటి సిబ్బందికి చెందినవి.

నిబంధన ఉండటాన్ని నేను తప్పుపట్టను. పక్క సీటులోని మనిషి కూడా పూర్తి ఛార్జీ చెల్లించారు కాబట్టి, వారిని ఒక మూలకు ఒదిగి కూర్చోమనే హక్కు నాకు లేదు. అయితే ఆ నిబంధనకు ఒక కొలత ఉండాలి. ఒకే ఎక్స్‌టెండర్‌తో బెల్టు పడాలని, ఆర్మ్‌రెస్ట్‌లు ప్రయాణమంతా దించి ఉంచగలగాలని అమెరికా సంస్థ యునైటెడ్ ఎయిర్‌లైన్స్ రాసిపెట్టింది. అది కఠినమైనదే అయినా, ప్రయాణికుడు ముందుగా తెలుసుకోగలిగినది.

డబ్బు విషయంలో పొంతన ఇంకా తక్కువ. మరో అమెరికా విమానయాన సంస్థ సౌత్‌వెస్ట్ చాలా ఏళ్లపాటు రెండో సీటు డబ్బును ప్రయాణం తరువాత తిరిగి ఇచ్చేది. 2026 జనవరి 27 నుంచి ఆ సీటును ముందే కొనాలి, విమానం కనీసం ఒక ఖాళీ సీటుతో బయలుదేరితేనే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. అంటే నేను ఒక ఛార్జీ కట్టాలా, రెండు కట్టాలా అన్నది నా శరీరాన్ని బట్టి కాక, ఆ రోజు ఇంకెంతమంది టికెట్లు కొన్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. స్థూలకాయం వల్ల వైకల్యం ఏర్పడి అదనపు సీటు అవసరమైనవారి నుంచి రెండో ఛార్జీ తీసుకోరాదని కెనడా రవాణా నియంత్రణ సంస్థ 2008లో తీర్పు చెప్పింది. అది దేశీయ విమానాలకే వర్తిస్తుంది గనుక, అదే ప్రయాణికుడు సరిహద్దు దాటితే ఆ రక్షణ పోతుంది.

ఎకానమీ సీటు వెడల్పు సాధారణంగా 17, 18 అంగుళాల మధ్య ఉంటుంది. కనీస కొలతలు నిర్ణయించాలని అమెరికా కాంగ్రెస్ 2018లో విమానయాన నియంత్రణ సంస్థను ఆదేశించి ఏడాది గడువు పెట్టినా, ఆ గడువులోగా నిబంధన రాలేదు. సీటు ఎంచుకునే పేజీలోనే ఆర్మ్‌రెస్ట్‌ల మధ్య వెడల్పును అంగుళాల్లో చూపిస్తే, నావంటివారు ఇంట్లోనే టేపుతో కొలుచుకుని, అవసరమైతే ముందే రెండో సీటు తీసుకుంటారు.

నా ఫిర్యాదుకు, నిర్ణయం సిబ్బంది విచక్షణకు లోబడి ఉంటుందని జవాబు వచ్చింది. వెళ్లేటప్పటి బోర్డింగ్ పాస్‌ను జతచేసి, ఆ రోజు సరిపోయిన సీటు నాలుగు రోజుల్లో ఎలా చాలకుండా పోయిందో చెప్పమని మళ్లీ రాశాను.