లయన్ కింగ్‌కి మూడుసార్లు, మూడు చోట్ల

అమ్మానాన్న మొదటిసారి న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా ఇంటికి వచ్చినప్పుడు బ్రాడ్వే షో ఒకటి, అంటే న్యూయార్క్‌లో పెద్ద థియేటర్లలో ఆడే నాటకం, చూపించాలనుకున్నాను. ఇంగ్లీషు అంతగా రాకపోయినా కథ తెలిసిపోవాలి కాబట్టి పాటలతో సాగే సింహాల కథ 'లయన్ కింగ్' అనుకున్నాం. 1997లో మొదలైన ఈ షో 2006 నుంచి టైమ్స్ స్క్వేర్‌లోని మిన్స్‌కాఫ్ థియేటర్‌లో నడుస్తోంది.

"ముందు వరుసే తీసుకోమ్మా, సురభి నాటకాలు ఎప్పుడూ ముందు కూర్చునే చూశాం" అన్నారు నాన్న. మూడో వరుసలో, బాగా పక్కకి దొరికాయి. అదీ టికెట్లు తిరిగి అమ్మే ఒక సైట్‌లో, అసలు ధర మీద బోలెడంత ఫీజు కట్టి. థియేటర్ వాళ్ల సొంత సైట్ ముందు చూడాల్సింది. షో మొదలవగానే మనుషులు ఆడించే ఏనుగు, పక్షుల బొమ్మలు జనం మధ్యలోంచి వస్తాయి. మేం గోడ పక్కన ఇరుక్కుపోయి తలలు తిప్పి వెతుక్కున్నాం. వేదికలో ఓ మూల అసలు కనపడలేదు. నాన్న ఏమీ అనలేదు కానీ, ఇంటర్వెల్‌లో మెడ రుద్దుకుంటుంటే నాకు చాలా బాధేసింది.

రెండోసారి మా పాపతో వెళ్లి పైన మెజనైన్‌లో, అంటే మన బాల్కనీలో, మధ్యన ముందు వరుసలో కూర్చున్నాం. ఆట మొత్తం బొమ్మ గీసినట్టు కనిపించేది అక్కడే. కరువు వచ్చినప్పుడు చెరువు ఎండిపోవడాన్ని నీలం పట్టుగుడ్డని నెమ్మదిగా నేలలోకి లాగేసి చూపిస్తారు. పైనుంచి చూస్తే ఆ నీళ్లు కుంచించుకుపోవడం గుండెని పట్టేస్తుంది. అడవిదున్నల తొక్కిసలాట కూడా అంతే. కాకపోతే జంతువుల ఊరేగింపు మన కిందనుంచి సాగుతుంది, వేదిక దగ్గరికి చేరాకే పూర్తిగా కనిపిస్తుంది. మెట్లు కూడా ఎక్కువ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి కష్టం.

అందుకే అమ్మానాన్న మళ్లీ వచ్చినప్పుడు కింద ఆర్కెస్ట్రాలో, అంటే వేదిక ముందుండే నేల సీట్లలో, వేదికకి పది పన్నెండు వరుసల వెనక, నడిచే దారి అంచున తీసుకున్నాను. ఇక్కడ నంబర్లు చూసి కంగారు పడొద్దు. మధ్య భాగంలో 101, 102 అని వరసగా ఉంటాయి. పక్క భాగాల్లో ఒకవైపు 1, 3, 5, రెండోవైపు 2, 4, 6. కాబట్టి 1, 3 పక్కపక్క సీట్లే. దారి అంచున ఉండేవి 1, 2, 101 లాంటివి. అమ్మని 101లో కూర్చోబెట్టాను. అసలు హాలే ఆ భవనంలో పై అంతస్తులో ఉన్నా లిఫ్ట్ ఉంది, ఇబ్బంది పడలేదు. పెద్దవాళ్లని, చిన్నపిల్లల్ని తీసుకెళ్లేవాళ్లకి ఈ అంచు సీట్లే నేను చెప్తాను. పైనుంచి కనిపించే అందం కొంత పోతుంది, పోనివ్వండి.

పాట మొదలైంది. ఒక్కో కాలులో ఒక్కో మనిషి, నలుగురు కలిసి నడిపే ఆ పెద్ద ఏనుగు మా పక్కనుంచే మెల్లగా కదిలింది. అది దాటేదాకా అమ్మ రెండు చేతులూ జోడించే కూర్చుంది.