నాన్నకి హార్ట్ చెకప్: డాక్టరమ్మకి ఫుల్ మార్కులు, రిసెప్షన్‌కి సున్నా

నాన్నకి 71, మెట్లెక్కితే ఆయాసం అంటున్నారని బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటి దగ్గరి సెంటర్‌లో బ్లడ్ టెస్టులు, ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) కలిపి చేయించా. పొద్దున 8కి రమ్మని 10 దాకా కూర్చోబెట్టారు, పెద్దాయన పరగడుపున ఉన్నారు బాబూ అన్నా ఉలుకూ పలుకూ లేదు, పైగా పార్కింగూ లేదు.

డాక్టరమ్మ మాత్రం బంగారం. మన తెలుగావిడే, "బాబాయ్ గారూ" అంటూ ఓపిగ్గా చెప్పింది. వయసు పెరిగేకొద్దీ రక్తనాళాలు పాత రబ్బరు పైపులా బిరుసెక్కుతాయంట, అందుకే బీపీలో పై నంబర్ పెరుగుతుంది, కింది నంబర్ తగ్గొచ్చు కూడా, గుండె ఎడమ గది గోడ కాస్త మందమవుతుంది, ఊరికే కూర్చుంటే పల్స్ పెద్దగా మారదు గానీ మెట్లెక్కేటప్పుడు కుర్రాళ్లంత వేగం అందుకోదు. మంచం మీంచి గబుక్కున లేస్తే కళ్లు తిరిగేది కూడా, బీపీని సర్దే వ్యవస్థ మందగించడం వల్లేనంట (నేను షుగర్ అనుకుని చక్కెర నీళ్లు పట్టించా, నవ్వకండి). అలాగని బీపీ 150 ఉంటే వయసులే అని వదిలేయొద్దని, ఛాతీలో నొప్పొస్తే అస్సలు ఆగొద్దని గట్టిగానే చెప్పింది.

సాయంత్రానికే రిపోర్టులు వాట్సాప్‌లో వచ్చేశాయి. 3 స్టార్లు, మిగతా రెండూ రిసెప్షన్ తినేసింది.