పాత టెలికాం ఓవెన్ ఆసిలేటర్, 10 మెగాహెర్ట్జ్: వరంగల్ ఎండావానల్లో చాలాకాలం వాడాక

మొబైల్ టవర్ల పాత పరికరాల నుంచి ఊడదీసి అమ్మే 10 మెగాహెర్ట్జ్ ఓవెన్ క్రిస్టల్ ఆసిలేటర్ మీద ఈ సమీక్ష. క్వార్ట్జ్ క్రిస్టల్‌ను చిన్న ఓవెన్‌లో ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచి స్థిరమైన ఫ్రీక్వెన్సీ ఇచ్చే పరికరం ఇది. లోపల ఎస్‌సీ కట్ (వేడి, ఒత్తిడి మార్పులకు తక్కువ చలించే కోత) క్రిస్టల్, ఒకదానిలో ఒకటిగా రెండు ఓవెన్లు, 12 వోల్టుల సప్లై, సైన్ వేవ్ అవుట్‌పుట్. ఫ్రీక్వెన్సీని సవరించడానికి 0 నుంచి 5 వోల్టులు అడిగే కంట్రోల్ పిన్ ఒకటి. హన్మకొండలో ఏసీ లేని గదిలో అన్ని కాలాలూ దాటి నడుస్తోంది. ఫ్రీక్వెన్సీ కౌంటర్‌కూ సిగ్నల్ జనరేటర్‌కూ ఇదే రిఫరెన్స్, అంటే పోల్చుకునే ప్రమాణం.

తీర్పు ముందే చెప్తా: సరుకు మంచిది, కొనుక్కోవచ్చు. అయితే దీన్ని కొన్నవాళ్లు డ్రిఫ్ట్ (ఫ్రీక్వెన్సీ మెల్లగా జరిగిపోవడం) అని తిట్టేదాంట్లో చాలా భాగం క్రిస్టల్ తప్పు కాదు. కంట్రోల్ పిన్‌కు మనం ఇచ్చే వోల్టేజీ, గ్రౌండ్ వైరు, కరెంటు పోయి రావడం, ఈ మూడూ కలిసి క్రిస్టల్‌కు చెడ్డపేరు తెస్తున్నాయి.

లెక్కలన్నీ పీపీబీలో చెప్తాను. 1 పీపీబీ అంటే వంద కోట్లలో ఒక వంతు. 10 మెగాహెర్ట్జ్ మీద అది 0.01 హెర్ట్జ్, గడియారంగా చూస్తే సెకనుకు 1 నానోసెకను తేడా, రోజుకు 86.4 మైక్రోసెకన్లు. 26 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న క్యూఓ-100 ఉపగ్రహాన్ని 10,489 మెగాహెర్ట్జ్ మీద వినే హ్యామ్‌లకు (అభిరుచితో రేడియో నడిపేవాళ్లకు) 1 పీపీబీ అంటే దాదాపు 10 హెర్ట్జ్ జరగడం. ఇంత నిక్కచ్చి పని లేనివాళ్లకు ఓవెన్ అక్కర్లేదు, మంచి టీసీఎక్స్‌ఓ (ఓవెన్ లేకుండా వేడి తేడాను సర్దుకునే ఆసిలేటర్) చాలు.

మొదట వేడి సంగతి. ఓవెన్‌కు వేడి చేయడమే తెలుసు, చల్లార్చడం తెలియదు. మే నెల మధ్యాహ్నం గది 40 దాటుతుంది, మూసిన డబ్బాలో ఇంకో పది డిగ్రీలు కలుస్తాయి. రామగుండం వైపు ఇంకా ఎక్కువే. ఎస్‌సీ కట్ ఓవెన్లు సాధారణంగా 70 నుంచి 90 డిగ్రీల మధ్య నడుస్తాయి కాబట్టి తట్టుకుంటాయి, కానీ ఆ మిగిలిన తేడాను మనం తినేయకూడదు. గాలి తగలొద్దని డబ్బా నిండా థర్మోకోల్ కుక్కితే ఓవెన్ తన వేడిని బయటికి వదల్లేదు. అప్పుడు హీటర్ కరెంటు సున్నాకు పడిపోతుంది, కంట్రోల్ తప్పుతుంది, ఫ్రీక్వెన్సీ గది వేడి వెంట పోతుంది. నా దగ్గరున్నది చలికాలం పొద్దున 0.30 ఆంపియర్లు, ఎండాకాలం మధ్యాహ్నం 0.18 ఆంపియర్లు తీసుకుంటుంది. ఈ కరెంటును చూపే చిన్న మీటరు శాశ్వతంగా పెట్టుకోవాలి. ఓవెన్ ఆరోగ్యం దాంట్లోనే కనిపిస్తుంది. సీలింగ్ ఫ్యాను గాలి, కూలర్ గాలి నేరుగా తగలకుండా పల్చటి అల్యూమినియం డబ్బా, చుట్టూ రెండు వేళ్ల ఖాళీ. అంతే చాలు.

ఇక అసలు విషయం, కంట్రోల్ వోల్టేజీ. నా యూనిట్‌లో 0 నుంచి 5 వోల్టులకు ఫ్రీక్వెన్సీ సుమారు 400 పీపీబీ జరుగుతుంది. అంటే వోల్టుకు 80, మిల్లీవోల్టుకు 0.08 పీపీబీ. ఈ ఒక్క అంకె చేతిలో ఉంటే మిగతావన్నీ తూకం వేయొచ్చు, అందుకే కొన్నవాళ్లు ముందు తమ యూనిట్‌కు ఈ అంకె కొలవాలి. ఉదాహరణకు 7805 రెగ్యులేటర్ చిప్ నుంచి తీసిన 5 వోల్టులు డిగ్రీకి సుమారు 1 మిల్లీవోల్టు జరుగుతాయి. అందులో సగం కంట్రోల్ పిన్‌కు చేరినా డిగ్రీకి 0.04 పీపీబీ. జనవరి రాత్రికీ మే మధ్యాహ్నానికీ గదిలో 25 డిగ్రీల తేడా ఉంటే 1 పీపీబీ జరుగుతుంది, క్రిస్టల్ కదలకుండానే. అదే డిగ్రీకి 3 పీపీఎం (పది లక్షల్లో మూడు వంతులు) జాతి వోల్టేజ్ రిఫరెన్స్ పెడితే డిగ్రీకి 0.0006 పీపీబీ. ఆసిలేటర్‌లోనే 5 వోల్టుల రిఫరెన్స్ పిన్ బయటికి ఉంటే అంతకన్నా మేలు లేదు, ఎందుకంటే అది ఓవెన్ పక్కనే స్థిరంగా ఉంటుంది.

పొటెన్షియోమీటర్‌ను (పాట్, తిప్పి వోల్టేజీ మార్చే రెసిస్టర్) 5 వోల్టుల మొత్తం మీద వేయకండి. వైరు చుట్టిన పది తిప్పుల పాట్‌లో లోపలి జారే చేయి (వైపర్) ఒక చుట్టు మీద నుంచి ఇంకో చుట్టు మీదికి గెంతినప్పుడే 1 మిల్లీవోల్టు దాకా మారుతుంది. ముందు తాత్కాలికంగా పూర్తి పాట్‌తో 10 మెగాహెర్ట్జ్ ఎన్ని వోల్టుల దగ్గర వస్తుందో చూసుకుని, తర్వాత దాన్ని పీకేసి పైన ఒక స్థిరమైన రెసిస్టర్, కింద ఒకటి, మధ్యలో చిన్న పాట్ పెట్టాలి. నాకు 2.4 వోల్టుల దగ్గర వచ్చింది. పైన 4.7 కిలో ఓములు, మధ్య 1 కిలో ఓం పది తిప్పుల పాట్, కింద 4.3 కిలో ఓములు. అంటే 2.15 నుంచి 2.65 వోల్టుల దాకా మాత్రమే తిరుగుతుంది, ఒక్కో తిప్పుకు 50 మిల్లీవోల్టులు, 4 పీపీబీ. స్థిర రెసిస్టర్లు మెటల్ ఫిల్మ్, 0.1 శాతం, రెండూ ఒకే రకం, ఒకదాని పక్కన ఒకటి. కార్బన్ రెసిస్టర్లు ఇక్కడ పనికిరావు.

గ్రౌండ్ విషయంలో చాలామంది మోసపోతారు. ఓవెన్ కరెంటు తిరిగొచ్చే వైరు మీదనే కంట్రోల్ డివైడర్ (పైన చెప్పిన రెసిస్టర్ల వరుస) కింది కొస కట్టారనుకోండి. ఆ వైరులో 20 మిల్లీ ఓములు ఉంటే, చలికాలానికీ ఎండాకాలానికీ 0.12 ఆంపియర్ల తేడాకు 2.4 మిల్లీవోల్టులు, దాదాపు 0.2 పీపీబీ. రోజూ పగలూ రాత్రీ ఊగే డ్రిఫ్ట్‌లో నేను చూసిన వాటిలో ఎక్కువ ఇదే. డివైడర్ గ్రౌండ్ వైరును ఆసిలేటర్ గ్రౌండ్ పిన్ దాకా విడిగా తెచ్చి అక్కడే సోల్డర్ చేస్తే పోతుంది.

వానాకాలంలో ఇంకొకటి బయటపడుతుంది. ఫ్లక్స్ (సోల్డర్ చేశాక మిగిలే జిగురు) తుడవని బోర్డు తేమ పీల్చి, 12 వోల్టుల పిన్ నుంచి కంట్రోల్ పిన్‌కు కొద్దిగా లీక్ చేస్తుంది. ఆ లీకు 10 మెగా ఓములు అనుకున్నా, నాయిస్ కోసమని వరుసలో 10 కిలో ఓముల రెసిస్టర్ పెట్టినవాళ్లకు 12 మిల్లీవోల్టులు, దగ్గర దగ్గర 1 పీపీబీ. వరుస రెసిస్టర్ 1 కిలో ఓం చేసి, ఫిల్టర్‌కు 10 మైక్రోఫ్యారడ్ ఫిల్మ్ కెపాసిటర్ పెట్టండి. ఎలక్ట్రోలిటిక్ వద్దు, దాని లీకేజీ వేడితో పాటు పెరుగుతుంది. బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఆరాక కంట్రోల్ పిన్ చుట్టూ వార్నిష్ పూయండి. జూలైలో మొదలై అక్టోబర్‌లో తగ్గే డ్రిఫ్ట్ ఉంటే ముందు ఇక్కడే వెతకాలి.

కరెంటు పోవడం అన్నిటికన్నా పెద్ద శత్రువు. ఓవెన్ చల్లారి మళ్లీ వేడెక్కితే క్రిస్టల్ పాత ఫ్రీక్వెన్సీకి సరిగ్గా రాదు. పది నిమిషాల్లో దగ్గరికి వస్తుంది, అక్కడి నుంచి ఒకటి రెండు పీపీబీ తేడాతో నిలబడి, రోజుల తరబడి మెల్లగా సర్దుకుంటుంది. ఇంటి ఇన్వర్టర్ మారేటప్పుడు వచ్చే కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ పెద్ద సమస్య కాదు: 4700 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ 0.3 ఆంపియర్లను 20 మిల్లీసెకన్ల పాటు మోస్తే 1.3 వోల్టులే తగ్గుతుంది. ఇన్వర్టర్ కూడా దిగిపోయే రోజుల కోసం 12 వోల్టులు, 7 ఏహెచ్ (ఆంపియర్-గంటలు) సీల్డ్ బ్యాటరీలు రెండు వరుసలో వేసి, బక్ కన్వర్టర్‌తో 14 వోల్టులకు దించి, తర్వాత ఎల్‌ఎం2940 రెగ్యులేటర్‌తో 12 చేస్తే దాదాపు ఒక రోజు ఆగుతుంది. మామూలు 12 వోల్టుల రెగ్యులేటర్ 7812కు పైన రెండు వోల్టులకు మించి కావాలి, 14 చాలదు. ఎల్‌ఎం2940 అవుట్‌పుట్‌లో 22 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్ తప్పనిసరి, సిరామిక్ వేస్తే ఆసిలేట్ అవుతుంది. ఛార్జర్ ఫ్లోట్ (బ్యాటరీ నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 25 డిగ్రీల దగ్గర 27.2 వోల్టులు, మన ఎండాకాలంలో అర వోల్టు తగ్గించకపోతే బ్యాటరీలు రెండేళ్లలో ఎండిపోతాయి.

కొలవడానికి జీపీఎస్ మాడ్యూల్ సెకనుకొకసారి ఇచ్చే పల్స్ చాలు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు మాడ్యూల్‌తోనూ పని జరుగుతుంది, టైమింగ్ రకం దొరికితే ఇంకా మంచిది. ఆసిలోస్కోప్‌ను ఆ పల్స్‌తో ట్రిగ్గర్ చేసి రెండో ఛానల్‌లో 10 మెగాహెర్ట్జ్ చూడండి. అల కుడికి జరుగుతుంటే ఆసిలేటర్ నెమ్మదిగా ఉంది, ఎడమకు జరిగితే వేగంగా ఉంది. ఒక పూర్తి అల, అంటే 100 నానోసెకన్లు, జరగడానికి 100 సెకన్లు పడితే తేడా 1 పీపీబీ. 1000 సెకన్లు పడితే 0.1. తేడా 50 పీపీబీ దాటితే ఈ పద్ధతి మోసం చేస్తుంది, అల సెకనులో సగానికి మించి జరిగి ఎటు పోయిందో తెలియదు. ముందు కౌంటర్‌తో దగ్గరికి తెచ్చుకోండి. జీపీఎస్ పల్స్ కూడా మధ్యాహ్నం, రాత్రి పది ఇరవై నానోసెకన్లు అటూ ఇటూ అవుతుంది. 100 సెకన్ల కొలతలో 20 నానోసెకన్లు అంటే 0.2 పీపీబీ తప్పు. అదే రోజుకొకసారి ఒకే వేళకు చూస్తే 0.0003 కూడా ఉండదు. తొందరపడి పాట్ తిప్పేవాళ్లు నిజానికి జీపీఎస్ ఊగులాటను వెంటాడుతున్నారు.

గ్రాఫ్ గీయండి, పక్కనే గది వేడి, కంట్రోల్ వోల్టేజీ, ఓవెన్ కరెంటు కూడా రాయండి. పగలూ రాత్రీ వెంట ఊగితే అది వోల్టేజీ, గ్రౌండ్, లేదా గాలి. వారాల తరబడి ఒకే వైపు, క్రమంగా నెమ్మదిస్తూ పోతే అదే నిజమైన ఏజింగ్: క్రిస్టల్ మీదికి సూక్ష్మంగా మలినం చేరడం లేదా వదలడం, పట్టి ఉంచిన బిగింపుల్లో ఒత్తిడి సడలడం. గోదాములో ఏళ్ల తరబడి పడి ఉన్న యూనిట్ మొదటి వారాల్లో వేగంగా జరుగుతుంది, ఒక్కోసారి దిశ కూడా మారుస్తుంది. నెల నిండకముందు దాన్ని తప్పు పట్టొద్దు. నెల దాటాక రోజుకు 0.1 పీపీబీ లోపు ఉంటే చాలా మంచి సరుకు. అదైనా గడియారంగా నడిపితే నెలకు 3.9 మిల్లీసెకన్లు జరుగుతుంది, ఎందుకంటే ఏజింగ్ వల్ల వచ్చే సమయం తేడా రోజుల వర్గంతో పెరుగుతుంది.

ఒక్కసారిగా 1 పీపీబీ గెంతి అక్కడే నిలబడితే ముందు పాట్‌నూ సోల్డర్ జాయింట్లనూ అనుమానించండి. కంట్రోల్ పిన్ వోల్టేజీ కదలకుండా గెంతుతుంటే క్రిస్టల్ లోపల సమస్య. అలాంటి యూనిట్ ఎంత సరిచేసినా లాభం లేదు, అమ్మినవారికి తిప్పి పంపాలి. అందుకే తిరిగి తీసుకునే షరతు ఉన్నచోటే కొనాలి. 10 మెగాహెర్ట్జ్ 1.5 నుంచి 3.5 వోల్టుల మధ్య వచ్చే యూనిట్‌కే డబ్బు పెట్టండి. 4.8 వోల్టుల దగ్గర వస్తోందంటే దాని ఏజింగ్ సవరణ పరిధి చివరికి చేరిందన్నమాట.

సవరించేముందు డబ్బాను చివరికి ఉండబోయే భంగిమలోనే పెట్టాలి. తలకిందులు చేస్తే భూమ్యాకర్షణ దిశ మారి ఒకటి రెండు పీపీబీ తేడా వస్తుంది, బల్ల మీద సరిచేసి గోడకు బిగిస్తే మళ్లీ మొదటికే. అవుట్‌పుట్‌కు 50 ఓముల లోడు కూడా చివరిదే ఉండాలి. పాట్ కొద్దిగా తిప్పి, అరగంట ఆగి, ఒక పూట కొలిచి, మళ్లీ తిప్పాలి. సున్నాకు తెచ్చే పట్టుదల అవసరం లేదు. ఏజింగ్ పైకి పోతుంటే కొంచెం కిందికి పెట్టండి, కొన్ని నెలల్లో అదే సున్నాను దాటి పైకి వెళ్తుంది. ఏడాదికొకసారి తిప్పితే సరిపోతుంది, మధ్యలో తేడాను పుస్తకంలో రాసి కౌంటర్ అంకెలోంచి తీసేయండి. మూత మీద స్క్రూ ఉన్న యూనిట్లలో దాన్ని ఊరికే తెరవకండి, అది తేమను ఆపే సీలు. తెరిస్తే వెంటనే ఓ-రింగుతో సహా బిగించాలి.